గ్రాండు ట్రంకు రోడ్డు మీద నాలుగు రోజులు

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటేనని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ కాలంలో ఇల్లు విడిచి దూరదేశం బయలుదేరిన మనిషి మళ్ళీ గడప తొక్కేదాకా నమ్మకం లేదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దగ్గర దగ్గర పదహారు నెలలు! ఆయన దారిపొడుగునా వ్రాసి ఉంచిన "కాశీయాత్ర చరిత్ర" పుణ్యాన, ఆనాటి బాటలూ మజిలీలూ ఎట్లా ఉండేవో మనకు తెలుస్తున్నది. ఇప్పుడో, బెంగుళూరులో రైలెక్కి రెండు రాత్రులు నిద్రపోతే ఢిల్లీ వస్తుంది. ప్రయాణం సులువైపోయింది గాని, దారి అనేది మన కంటికి కనబడడం మానేసింది. రైలులో స్టేషన్లు కనబడతాయి, విమానంలో మబ్బులు కనబడతాయి. దారి ఎవరు చూశారు?

అందుచేత పోయిన కార్తీకమాసంలో మన సంఘం తరఫున ఉత్తరదేశ యాత్ర తలపెట్టినప్పుడు, "ఈసారి ఊళ్ళు కాదు, ఒక దారిని చూసివద్దాం" అని కార్యదర్శిగారు అన్నమాట అందరికీ వింతగా తోచింది. ఢిల్లీలో ఒక యాత్రలవారు గ్రాండు ట్రంకు రోడ్డు వెంట ఢిల్లీ నుంచి అత్తారీ సరిహద్దు దాకా నాలుగు రోజుల బస్సు నడుపుతున్నారని తెలిసి, పిల్లా పెద్దా కలిసి ఇరవైయారుగురం పేర్లిచ్చాము. నేను ఎప్పుడో హిందీ ప్రచార సభ పరీక్షలు రెండు మూడు ప్యాసైనవాణ్ణి గనుక, బస్సులో దుబాసీ ఉద్యోగం నా మెడకు తగులుకున్నది. ఆఫీసులో పొద్దస్తమానం తమిళం వ్రాసి, సాయంత్రం ఇంట్లో తెలుగు మాట్లాడే మన హోసూరు వాళ్ళకు దుబాసీతనం ఉగ్గుపాలతో వచ్చిన విద్యే గదా!

బస్సుకు గైడుగా వచ్చినాయన పంజాబీ. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైనవారు. డెబ్బై దాటినా నిటారుగా నడుస్తారు. అందరూ ఆయన్ను మాస్టర్జీ అనేవారు. మేమూ అట్లాగే అన్నాము. ఆయన ఒక్కొక్క ముక్క హిందీలో చెప్పి నావైపు చూసేవారు. నేను తెలుగులో చెప్పేవాణ్ణి. నేను తెలుగులో చెప్పేది ఆయన చెప్పినదానికంటె పొట్టిగా ఉంటే, "అంతేనా?" అన్నట్టు కనుబొమలు ఎగరేసేవారు.

మొదటి రోజు ఉదయం ఢిల్లీ పాతకోట దగ్గర ఆయన చెప్పిన సంగతుల సారాంశం ఇది. ఈ బాటకు పాత పేరు ఉత్తరాపథం. మౌర్యుల కాలానికే పాటలీపుత్రం నుంచి తక్షశిల వైపు రాజమార్గం ఉండేది. దాన్ని మళ్ళీ నిలబెట్టినవాడు షేర్షా. ఆయన ఢిల్లీ ఏలింది 1540 నుంచి 1545 దాకా, అయిదే అయిదు సంవత్సరాలు. ఆ అయిదేళ్ళలోనే బంగాళంలోని సోనార్‌గావ్ నుంచి సింధునది దాకా బాట బాగుచేయించి, చెట్లు నాటించి, రెండేసి కోసులకు ఒక సరాయి చొప్పున కట్టించాడు. చివరికి కాలింజరు కోట ముట్టడిలో మందుగుండు పేలి పోయాడు. తరువాత మొఘలులు కోసు కోసుకూ ఒక ఇటుక స్తంభం నిలిపారు. ఇంగ్లీషువాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలో కంకర పరిపించి, కలకత్తా నుంచి పెషావరు దాకా పదిహేనువందల మైళ్ళ పొడుగునా గ్రాండు ట్రంకు రోడ్డు అని పేరు పెట్టారు. రాజులు మారిపోయారు, బాట మాత్రం అదే.

ఆ కోసు స్తంభాలలో ఒకటి పాతకోట పక్కన జంతుప్రదర్శనశాల లోపల ఉన్నది. పులిని చూడడానికి పోయే జనం దాన్ని తిరిగి చూడకుండా దాటిపోతున్నారు. కింద ఎనిమిది పలకల పీట, పైకి పోనుపోను సన్నబడిన గుండ్రటి కంబం, మొత్తం ముప్ఫై అడుగులుంటుందేమో. దానిమీద ఒక్క అక్షరం లేదు. ఊరి పేరు లేదు, దూరం లేదు. "రాత ఎందుకు? ఒకదాని దగ్గర నిలబడి నడిస్తే రెండోది వస్తుంది. చదువురాని బాటసారికి కూడా తెలుస్తుంది," అన్నారు మాస్టర్జీ. కోసు అంటే మన క్రోసే. క్రోసులు నాలుగైతే ఆమడ అని మా తాతగారు లెక్క చెప్పేవారు. ఈ మాట చెప్పగానే మన ఆడవాళ్ళకు ఆ స్తంభం చుట్టమైపోయింది. హర్యానాలోనే ఇవి నలభై పైచిలుకు మిగిలి ఉన్నాయట. కొన్ని గోధుమచేల నడుమ, కొన్ని ఇళ్ళ సందుల్లో, ఒకటి రెండు రైలుపట్టాల పక్కన. కొత్త రోడ్డు పక్కకు జరిగిపోయింది గాని స్తంభం జరగలేదు. బస్సులోంచి పొలం మధ్య స్తంభం కనబడితే, పాత బాట అక్కడినుంచి పోయేదన్నమాట.

ముర్తల్ దగ్గర పరోటాలు తిన్నాము. ఒక్కొక్కటి పళ్ళెమంత, దానిమీద నిమ్మకాయంత వెన్నముద్ద. మాలో అందరికంటె పెద్దది, ఎనభైకి దగ్గరపడిన అవ్వ ఒకామె ఉన్నది. ఆవిడ సంచిలోంచి మామిడికాయ ఊరగాయ జాడీ తీసి అందరికీ వడ్డించి, డ్రైవరుకూ ఇంత వేసింది. అతడు రెండు చేతులూ జోడించి, నీళ్ళు తాగి, మళ్ళీ కొంచెం వేయించుకున్నాడు. దీనికి దుబాసీ అవసరం లేకపోయింది.

పానిపట్టు గురించి మనమంతా చిన్నప్పుడు చదువుకున్నదే. 1526, 1556, 1761 అని మూడు సంవత్సరాలు కంఠతా పట్టినవాళ్ళమే. అయితే ఆ మూడూ ఒకే బాట పక్కన ఎందుకు జరిగాయో అప్పుడు ఎవరూ చెప్పలేదు. కాబూలు నుంచి దిగివచ్చేవాడికీ ఢిల్లీ నుంచి ఎదురుపోయేవాడికీ ఇదే దారి. కర్నాలు దగ్గర 1739లో నాదిర్షా గెలిచి, ఢిల్లీ దోచుకుని, నెమలి సింహాసనం మోయించుకుపోయినదీ ఇదే దారి. మాస్టర్జీ దీన్నొక సామెతలాగా చెప్పారు: "మంచి బాట వేసినవాడు అతిథికీ వేశాడు, దొంగకూ వేశాడు."

పానిపట్టులోనే నాకొక చిన్న బహుమానం దొరికింది. మూడో యుద్ధంలో మరాఠాల ఫిరంగిదళానికి నాయకుడైన ఇబ్రహీంఖాన్ గార్దీ, అంతకుముందు నిజాము కొలువులో ఉండి ఫ్రెంచివారి పద్ధతిలో కవాతు నేర్చినవాడు. ఆ సంగతి చెబుతూ మాస్టర్జీ, "మీరు తెలుగువాళ్ళు గదా, మా ఉత్తరదేశంలో సిపాయికి మీ పేరే పెట్టుకున్నాం, తెలుసునా?" అన్నారు. దొరలు మొట్టమొదట కవాతు నేర్పి పటాలాల్లో చేర్చుకున్నవాళ్ళలో తెలుగుదేశంవారు ఎక్కువ. వాళ్ళను తిలంగాలనేవారు. తరువాత ఆ దుస్తులు వేసుకున్న ప్రతివాడూ తిలంగాయే అయినాడు. 1857లో ఢిల్లీ చేరిన సిపాయీలు అయోధ్య, బీహారు ప్రాంతాలవాళ్ళే అయినా, ఢిల్లీ జనం వాళ్ళను తిలంగాలనే పిలిచారు. ఇది విని మా బస్సులో ఒక పెద్దమనిషి మీసం దువ్వుకున్నారు. నాకు మాత్రం మరొకటి తోచింది. మనుషులు ఎవరూ మిగలకపోయినా పేరొక్కటే వందల కోసులు నడిచిపోగలదు గదా అని.

కర్నాలు దాటిన తరువాత మాతో వచ్చిన పదేళ్ళ కుర్రవాడొకడు కిటికీలోంచి పెద్దగా కేకపెట్టాడు: "నలభై నాలుగు! మన ఊరి రోడ్డు!" చూద్దుముగదా, పచ్చబోర్డుమీద నిజంగానే 44. అందరం ఫక్కున నవ్వాముగాని కుర్రవాడు చెప్పింది సత్యమే. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు, ఢిల్లీ నుంచి జలంధరు దాకా గ్రాండు ట్రంకు రోడ్డు 44వ నంబరులో కలిసింది. ఆ 44 శ్రీనగరు నుంచి కన్యాకుమారి దాకా పోతుంది. నాగపూరు, ఆదిలాబాదు, హైదరాబాదు, కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుగొండ, బెంగుళూరు, ఆ తరువాత మన హోసూరు, కృష్ణగిరి, సేలం. మనం రోజూ అడ్డంగా దాటి కూరగాయలకు పోయే రోడ్డే కర్నాలులో మాకు ఎదురువచ్చింది. మాస్టర్జీకి ఈ సంగతి చెబితే ఆయన ఆ కుర్రవాడికి చేయి అందించి, "అయితే మనం ఒకే వీధివాళ్ళం," అన్నారు.

కురుక్షేత్రం సంగతి నేను వ్రాయనక్కరలేదు. బ్రహ్మసరోవరంలో స్నానం చేసి, కార్తీకదీపాలు వదిలి, ఆ రాత్రి అక్కడే ఉండి తెల్లవారి బయలుదేరాము. సర్‌హిందులో ఫతేగఢ్ సాహెబు గురుద్వారా చూశాము. గురుగోవిందసింగుగారి చిన్నకొడుకులిద్దరినీ గోడలో పెట్టి కట్టించిన చోటు అది. పెద్దవాడికి పదేళ్ళు నిండలేదు. నేను దాన్ని తెలుగులో చెప్పి ముగించిన తరువాత చాలాసేపు బస్సులో ఎవరూ మాట్లాడలేదు.

దొరాహా సరాయి దగ్గర దిగినప్పుడు ప్రాణం కుదుటపడింది. మొఘలుల నాటి కట్టడం. ఎదురెదురుగా రెండు ఎత్తయిన ద్వారాలు, వాటిమీద అక్కడక్కడ నిలిచిన రంగు పలకలు, నాలుగుపక్కలా వరుసగా గదులు, నడుమ విశాలమైన ఆవరణ, అందులో గడ్డి. 2006లో వచ్చిన "రంగ్ దే బసంతీ" సినిమా ఇక్కడ తీశారని వినగానే పిల్లలు ఫోటోలకు పరుగెత్తారు. మేము గదుల నీడన కూర్చున్నాము. షేర్షా సరాయిలలో హిందువులకు వేరుగా, ముసల్మానులకు వేరుగా ఏర్పాట్లుండేవట; హిందువులకు వేడినీళ్ళు పెట్టి వంట చేయడానికి బ్రాహ్మణులను నియమించేవారట. వచ్చినవాడి అంతస్తును బట్టి తిండి, పశువుకు మేత సర్కారు లెక్కలో.

ఇది విన్నప్పుడు మన మంగమ్మ గుర్తుకురాకుండా ఉంటుందా? మధుర నాయకులు తెలుగు మాట్లాడిన ఏలికలు. వారిలో రాణి మంగమ్మ 1689 నుంచి మనుమడి తరఫున రాజ్యం చేసి, బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించింది. మధుర రైలుస్టేషను ఎదుట ఆమె పేరిట సత్రం ఉన్నది. మంగమ్మాళ్ సాలై అని ఇప్పటికీ అంటారు. పరాయిచోట స్థిరపడిన ఏలిక, అక్కడి బాటసారికి నీడ ఏర్పాటు చేయడమే తన పేరు నిలిపే మార్గమని తెలుసుకున్నది. మాస్టర్జీ ఆ పేరు నాచేత రెండుసార్లు చెప్పించుకుని తన చిన్న పుస్తకంలో వ్రాసుకున్నారు.

ఆ రాత్రి లూధియానాలో విడిదిచేసి, మూడో రోజు సట్లెజి నది దాటాము. ఫిల్లౌరులో ఒక విశేషం. "ఓం జయ జగదీశ హరే" అనే హారతిపాట మన ఇళ్ళలో కూడా వినబడుతుందే, దాన్ని వ్రాసిన శ్రద్ధారాం గారు ఆ ఊరివారు. బస్సులోనే ఆడవాళ్ళంతా పాట ఎత్తుకున్నారు. మాస్టర్జీ గొంతు కలిపారు. నూర్జహాను పేరు మోసే నూర్‌మహలు సరాయి చూసుకుని, జలంధరు దాటి, పొద్దుగూకేవేళకు అమృతసరం చేరాము. జలంధరులో 44 పఠాన్‌కోటవైపు తిరిగిపోయి, మన బాటకు 3వ నంబరు వచ్చింది. కుర్రవాడు దిగులుపడ్డాడు.

అమృతసరంలో స్వర్ణమందిరం, అక్కడి లంగరు భోజనం, 1919 ఏప్రిలు 13 నాటి గుండ్ల గుర్తులున్న జలియన్‌వాలాబాగు, ఇవి ఎందరో వ్రాశారు. నేను చెప్పదలచింది టౌనుహాలులో 2017లో తెరచిన దేశవిభజన మ్యూజియం గురించి. 1947లో కోటికి పైగా జనం ఇటువాళ్ళు అటూ, అటువాళ్ళు ఇటూ కదిలారు. అందులో ఎంతోమందికి ఈ గ్రాండు ట్రంకు రోడ్డే దారి. మైళ్ళ పొడుగున ఎద్దుబండ్లూ, నెత్తిన మూటలూ. మ్యూజియంలో ఒక పూలకుట్టు కోటూ, ఒక తోలుపెట్టే ఉన్నాయి. పెళ్ళి నిశ్చయమైన ఆడపిల్లది కోటు, వరుడిది పెట్టె. గొడవల్లో చెదిరిపోయి, అమృతసరం శరణార్థి శిబిరంలో తిండికోసం నిలబడిన వరుసలో ఒకరికొకరు మళ్ళీ కనబడ్డారట. 1948లో పెళ్ళి చేసుకున్నారు. అవ్వ ఆ కోటు ముందు నిలబడి, నేను రెండుసార్లు పిలిచినా కదల్లేదు.

సాయంత్రం అత్తారీ. అక్కడ 1959 నుంచి రోజూ పొద్దుగూకేవేళ రెండు దేశాల సిపాయీలూ జెండాలు దింపే తంతు జరుగుతుంది. 2025 ఏప్రిలు తరువాత రాకపోకలు ఆపివేసినందువల్ల మేము వెళ్ళిన నాడు గేటు తెరవలేదు. ఇరువైపులవాళ్ళూ చేతులు కలపలేదు. జెండాలు మాత్రం దిగాయి. జనం కేకలు పెట్టారు, చప్పట్లు కొట్టారు. గేటు సందుల్లోంచి అవతలి రోడ్డు కనబడింది. అదీ గ్రాండు ట్రంకు రోడ్డే. లాహోరు అక్కడికి ఏడెనిమిది కోసులు.

తిరిగి బస్సు దగ్గరికి నడుస్తుండగా అవ్వ నా చొక్కా పట్టుకుని లాగింది.

"ఏమప్పా, నాలుగు దినాలుగా ఊరూరి కతా చెప్పినాడు ఈయప్ప. ఈయప్ప ఊరేది? అడుగు."

నేను అడిగాను. మాస్టర్జీ "లూధియానా" అన్నారు.

"అది కాపురముండే ఊరు గదా. సొంతవూరు అడుగప్పా."

సొంతవూరు అనే మాట తెలుగులో ఉన్నది, తమిళంలోనూ అదే మాట ఉన్నది. ఈ రెండు భాషల్లోనూ సందేహం లేకుండా బతికినవాణ్ణి, హిందీలో దానికి ఏమి చెప్పాలో తోచక, "మీ తాతగారి ఊరు" అన్నాను. మాస్టర్జీ కొంచెంసేపు నడిచి, "ఓహో, పిండ్ గురించా!" అన్నారు. పంజాబీలో పల్లెటూరిని పిండ్ అంటారు. అవ్వకు ఆ మాట మరోలా వినబడింది.

"పిండమా? ఎవరికి పెట్టినాడంట?"

ఇది కూడా చెప్పమన్నారు ఆయన. చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"అమ్మ సరిగానే విన్నారు," అన్నారు. "మా ఊరు ఆ గేటుకు అవతల పదకొండు కోసులు. నేను చూడలేదు. నేను 1953లో ఇవతలే పుట్టాను. మా నాయన ఎద్దుబండి మీద వచ్చారు. ఆయన దూరం ఎప్పుడూ కోసుల్లోనే చెప్పేవారు. ఆయన అస్థులు కలపడానికి హరిద్వారం పోతే, మా వంశం పండా తన బహీ తెరిచాడు. ఊరు, కులం, తాతముత్తాతల పేర్లు అన్నీ అందులో ఉంటాయి. ఆ ఊరి పేరు కిందే మా నాయన పేరు వ్రాయించాను. రేపు మా అబ్బాయి నా కోసం పోయినప్పుడు ఏ ఊరి పేరు చెబుతాడో!"

నేను తెలుగులో చెప్పాను. ఈసారి పొట్టిగా చెప్పలేదు. అవ్వ విని తలపంకించింది.

"ఆయప్పకు చెప్పు. మాకు పుస్తకం లేదు. మేము ఊరిని పేరులోనే పెట్టుకోని వచ్చినాము."

ఇంటిపేరు అంటే ఏమిటో మాస్టర్జీకి విప్పిచెప్పాను. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరువాత విజయనగరం పాడై రాజధాని పెనుగొండకు మారిన సంగతి, అంతకు ముందూ తరువాతా తెలుగువాళ్ళు దక్షిణానికి దిగి స్థిరపడిన సంగతి, గుత్తివారు, పెనుగొండవారు, కందుకూరివారు అని విడిచివచ్చిన ఊరినే ఇంటికి పేరుగా పెట్టుకున్న సంగతి చెప్పాను. అవ్వ తన పుట్టింటి పేరు చెప్పింది. అనంతపురం జిల్లాలో 44వ రోడ్డుకు దగ్గరలో ఆ పేరుగల ఊరు ఉన్నది.

"ఎన్నేళ్ళయింది మీరు వచ్చి?"

"నాలుగు నూర్లు అయిండచ్చు."

"ఎంత దూరం?"

నేను లెక్కకట్టి ఎనభై కోసులన్నాను.

"నడుమ గేటు ఉన్నదా?"

"లేదు. టోలుగేట్లు తప్ప."

"అమ్మగారు చూశారా?"

అవ్వ చూడలేదు. వాళ్ళ అమ్మా చూడలేదు. మాస్టర్జీ ఇంకేమీ అడగలేదు. ఆ ఊరుకున్న మాటను కూడా అవ్వకు చెప్పవలసినది దుబాసీయే గనుక, నేను ఆవిడ ముఖం వైపు చూశాను. "తెలిసింది లేప్పా," అన్నది.

తిరుగు రైలులో మేము ఒక పని చేశాము. ఇరవైయారుగురి ఇంటిపేర్లు ఒక కాగితం మీద వ్రాశాము. సగానికి పైగా ఊళ్ళ పేర్లే. పెద్దలకు అందరికీ ఇంటిపేరు తెలుసు. మాతో వచ్చిన పిల్లలు ఆరుగురిలో ఇద్దరికే తెలిసింది. అది ఒక ఊరి పేరని వాళ్ళకూ తెలియదు. వాళ్ళ తప్పు కాదు. ఈ దేశపు వాడుకలో బడి రిజిస్టరులో తండ్రి పేరు మొదటి అక్షరమూ, బిడ్డ పేరూ ఉంటే చాలును. ఇంటిపేరుకు చోటు లేదు. పెళ్ళి సంబంధాలప్పుడు అడుగుతారు, తరువాత మరచిపోతారు. నాలుగు వందల ఏళ్ళు ఎవరి సహాయమూ లేకుండా నిలిచిన స్తంభం, రెండు తరాల ఇనీషియళ్ళతో కూలిపోయేటట్టున్నది. గోధుమచేలో నిలిచిన కోసు స్తంభానికైనా సర్కారు కంచె వేసింది. దీనికి కంచె వేయవలసినవాళ్ళం మనమే.

కనుక మన సంఘ సభ్యులకు నా మనవి రెండు ముక్కలు. ఒకటి: ప్రతి కుటుంబమూ తన ఇంటిపేరు, తెలిసినంతవరకు ఆ ఊరు, పెద్దలు చెప్పిన రెండు మాటలు సంఘం కార్యాలయంలో పెట్టిన నోటుపుస్తకంలో వ్రాయాలి. ఆడవాళ్ళు పుట్టింటి పేరుకూడా వ్రాయాలి. హరిద్వారం పండాలు శతాబ్దాలుగా చేస్తున్న పని మనం ఒక నోటుపుస్తకంతో మొదలుపెట్టలేమా? రెండు: వచ్చే సంక్రాంతి తరువాత 44వ రోడ్డు మీద ఉత్తరంగా పెనుగొండ, అనంతపురం, గుత్తి దాకా రెండు రోజుల బస్సు వేయాలని కార్యదర్శిగారు ఒప్పుకున్నారు. దారిలో ఎవరి ఇంటిపేరు ఊరు వస్తే అక్కడ బస్సు అరగంట ఆగుతుంది. దిగి, ఆ ఊరి నీళ్ళు తాగి, ఎక్కవచ్చును. అక్కడ చుట్టాలు దొరుకుతారని కాదు. పిల్లలు బోర్డుమీద తమ ఇంటిపేరు తెలుగు అక్షరాల్లో చదువుకుంటారని.

ముప్ఫైయారు సీట్లు. పదకొండు నిండాయి. పట్టీలో మొదటి పేరు అవ్వది. ఇనీషియలు కాదు, పూర్తి ఇంటిపేరుతో వ్రాయించింది.